సామాన్యులకు అర్థమయ్యేలా

విశ్వవిద్యాలయంలో, అధ్యాపకుల పరిశోధనలకు నిధులు ఇప్పించే విభాగం. బల్లకు ఒకవైపు అక్కడి సూపరింటెండెంటు, మరోవైపు లెక్చరర్. ఆమె తమ్ముడి ఇంట్లో మరిచిపోయిన చార్జర్ తెచ్చిచ్చిన ఆ తమ్ముడి భార్య, నిద్రపోతున్న పిల్లాడిని భుజాన వేసుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"గడువు ఇంకో గంటలో అయిపోతుంటే ఇప్పుడా మేడమ్ రావడం?"

"మీ విభాగం ముద్ర పడితే గానీ దరఖాస్తు కదలదన్నారుగా. లేకపోతే మీ గడప తొక్కేదాన్నే కాదు."

"ముందే తొక్కాల్సింది. అందుకే కదా మేమున్నది. కొత్తగా చేరినవాళ్ళకి ఒక నిధి, ప్రయాణాలకి ఒక నిధి, పరికరాలు కొనుక్కోవడానికి ఇంకోటి. మెయిళ్ళు పెడుతూనే ఉన్నాం. దరఖాస్తు ఎలా రాయాలో నేర్పే తరగతి కూడా పెట్టాం. కుర్చీలొచ్చాయి, మీరు రాలేదు."

"మీ మెయిళ్ళు తెరిస్తే నిధుల మాట కన్నా పెద్దల ఫొటోలే ఎక్కువ. ఆ సంగతి వదిలెయ్యండి. ఈ నిధి రాకపోతే నన్ను పర్మనెంటు చెయ్యరని మీకూ తెలుసు. ముద్ర కానివ్వండి."

"కానిద్దాం. ఒక్కటే అడ్డం. సామాన్యులకు అర్థమయ్యేలా మన భాషలో సారాంశం ఉండాలి. మీరు రాసింది నాకే అర్థం కాలేదు."

"మీకు అర్థం కాకపోవడం దాని తప్పు కాదు."

"సరే, నన్ను వదిలెయ్యండి. ఆ తలుపు దగ్గర ఆవిడెవరు?"

"మా తమ్ముడి భార్య. వెళ్ళిపోతుంది. అమ్మాయ్, ఇంకా నిలబడ్డావేం?"

"బుడ్డోడు ఇప్పుడే పడుకున్నాడు వదినా. కాస్త ఎండ తగ్గాక వెళ్తా."

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"పదో తరగతి మధ్యలో మాన్పించారండీ. ఎందుకు?"

"నాకు కావలసిన సామాన్యురాలు వెతుక్కుంటూ వచ్చింది. కూర్చో. నేను చదువుతాను, అర్థమైందో లేదో చెప్పు."

"వద్దు సూపరింటెండెంటు గారూ. ఆమెకెందుకివన్నీ?"

"ఎవరో ఒకరికి చదివి వినిపించాలని నిబంధన మేడమ్, నా సరదా కాదు. వినమ్మా. 'చదువు మధ్యలో ఆగిన తల్లుల గృహాలలో పసిపిల్లల చెవిన పడే మాటలు బహు స్వల్పం.'"

"అంటే?"

"తక్కువని. 'ఇట్టి వాటిని మాటల కరువు గృహాలుగా పేర్కొనవచ్చు.' ఇది అర్థమైందా?"

"కరువంటే తెలుసు. తర్వాతేముంది?"

"ఇక చాలు. అర్థమైందిగా, ముద్ర వెయ్యండి."

"మీరుండండి వదినా. చదవండి సార్."

"'మా తొలి పరిశీలనలో, బిడ్డ చొక్కా జేబులో ఉంచిన ధ్వనిగ్రాహక పరికరం...' ధ్వనిగ్రాహకమంటే..."

"పెట్టె. నల్లగా సబ్బుబిళ్ళంత ఉంటుంది. ఆ జేబులు కుట్టింది నేనే."

"ఓహో. '...పరికరం ద్వారా తేలినది ఏమనగా, ఒక ఇంట పూట మొత్తం మీద తల్లి నోట వెలువడినవి రెండు మాటలు మాత్రమే. ఆ బిడ్డకు రెండో ఏడు నిండవస్తున్నా మాటలు రాలేదు.' ఏమ్మా, అలా అయిపోయావేం? అర్థం కాలేదా?"

"అర్థమైంది సార్. సామాన్యులకి బాగానే అర్థమవుతుంది. ఆ ఇల్లు ఎవరిది వదినా?"

"మేం పేర్లు రాయం. ఎవరిల్లో ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసుగా."

"ఇంటి సంగతులు ఇంట్లో మాట్లాడుకుందాం. పద."

"ఇంటి సంగతిని ఇక్కడిదాకా మోసుకొచ్చింది మీరు. వాడికి మాటలు రాలేదని నేను ఏడ్చింది మీ ఒక్కరి దగ్గరే. మా అమ్మకి కూడా చెప్పలేదు. ఆడపడుచైనా అక్కలా వింటున్నారనుకున్నా. విని రాసుకుంటున్నారని అనుకోలేదు."

"నువ్వు చెప్పింది రాయలేదు. పెట్టెలో పడింది రాశాను. రెండు మాటలు పడ్డాయి. రెండొందలు పడితే రెండొందలు రాసేదాన్ని."

"ఆ పూట నేను మాట్లాడకపోవడానికి మీరే కదా..."

"నేనే. అన్నిటికీ నేనే. మీ ఆయన నీతో మాట్లాడకపోయినా నేనే, మీ కుళాయిలో నీళ్ళు రాకపోయినా నేనే."

"అది కాదు వదినా, పెట్టె ఇచ్చేటప్పుడు మీరు..."

"పెట్టె జోలికి రాకు. దానికి మనుషుల్లా మొహమాటాలుండవు. ఉన్నది ఉన్నట్టు పడుతుంది."

"మేడమ్, టైము..."

"మీరాగండి. చిచ్చుపెట్టింది చాలు."

"నేనా? సారాంశం మీది. నేను గొంతు అరువిచ్చానంతే."

"నా మొహం చూసి చెప్పండి వదినా, నేను వాడితో మాట్లాడనా? వంకాయ తరుగుతూ వంకాయ సంగతి చెప్తాను. బట్టలు ఆరేస్తూ ఏ చొక్కా ఎవరిదో చెప్తాను. గోడకి కథలు చెప్తున్నావేంటే అని మీ తమ్ముడు నవ్వుతాడు. మీరూ విన్నారు. పోయిన ఆదివారం తలనొప్పిగా ఉంది, కాస్త ఆ వాగుడు ఆపమన్నారు కూడా."

"నేను విన్నది లెక్కలోకి రాదు. పరికరం విన్నదే లెక్క."

"అయితే ఇకనుంచి ఆ పెట్టెనే వదినా అని పిలుస్తాలెండి."

"నాలుక బాగానే తిరుగుతోందే. ఆ పూట ఎక్కడ దాచావు దాన్ని?"

"అదే చెప్పబోతుంటే వినరే..."

"సాకులు వినే తీరిక లేదు నాకు. ఈ నిధి చేతికి రాకపోతే వచ్చే ఏడు నేను వీధిలో ఉంటాను. అది అర్థమవుతుందా నీకు? మీ వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంటే సెలవు పెట్టుకుని వెంట వస్తున్నది ఎవరు?"

"రాకండి. మా ఇల్లు అందులోంచి తీసెయ్యండి, అంతకన్నా సాయం అక్కర్లేదు. రేపు వాడు బడికెళ్తాడు. మాటలు కరువైన ఇంటివాడు వీడేనట అని ఎవరో ఒకరు అనకపోరు. మాటలు వచ్చాక వాడు వినే మొదటి మాట అదా?"

"తీసేస్తే ఆ పేరా ప్రాణం పోతుంది. పైవాళ్ళ చూపు ఆగేదే అక్కడ."

"తీయకపోతే నేను మానుకుంటా. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చని సంతకం పెట్టించుకునేటప్పుడు మీరే చెప్పారు. అది మాత్రం బాగా అర్థమైంది నాకు."

"మేడమ్, ఆమె మానుకుంటానన్నాక ఆ వివరాలు పంపితే అది నా మెడకి చుట్టుకుంటుంది. నేను ముద్ర వెయ్యను."

"బాగుంది. ఇద్దరూ ఒకటయ్యారా?"

"ఇక్కడ వాదిస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది."

"సరే, కొట్టెయ్యండి. ఆ రెండు వాక్యాలూ కొట్టెయ్యండి. నువ్వు లేకపోతే నా పని ఆగిపోతుందనుకున్నావేమో. మీ వీధిలో మిగతా ఇళ్ళన్నీ ఉన్నాయి నాకు. రాయండి సార్. 'పరిశీలించిన ప్రతి ఇంటా ఇదే స్థితి. తల్లుల గొంతు దాదాపు వినబడలేదు.' ఒక్క ఇల్లు కూడా తేడా లేదు. ఇంత స్పష్టమైన ఫలితం ఎంత పెద్ద ప్రొఫెసరుకైనా వచ్చిందేమో చూపించమనండి."

"రాశాను. ముద్ర కూడా పడింది. పంపనా?"

"పంపండి."

"పోయింది మేడమ్. ఇక మీరు అడిగినా వెనక్కి రాదు. ఫలితం బాగుందంటున్నారు కాబట్టి నిధి రావాలనే కోరుకుందాం."

"వస్తుంది. ఏం అమ్మాయ్, నీ పంతం నెగ్గిందిగా. ఇక బయల్దేరు."

"కోపం పెట్టుకోకండి వదినా. బయటి మనిషి ముందు గొంతు పెంచాను, తప్పే. వాడి సంగతి అనేసరికి ఒళ్ళు తెలియలేదు."

"వెళ్ళమన్నానా."

"వెళ్తున్నా. మిగతా ఇళ్ళ గురించి మీరు బెంగపడక్కర్లేదు. వాళ్ళు నాకంటే నయం. నాకు పాలు పొంగుతుంటే రెండు మాటలు జారాయి. వాళ్ళకి అవీ జారలేదు."

"జారడమేమిటి?"

"చప్పుడు ఉండకూడదన్నారుగా, పెట్టె ఇచ్చేటప్పుడు."

"టీవీ చప్పుడు. మిక్సీ చప్పుడు. నేనన్నది అది."

"టీవీ అని మీరు అనలేదు వదినా, చప్పుడు అన్నారు. అది పిల్లల పెట్టె కదా, పెద్దవాళ్ళ గొంతు పడితే పాడవుతుంది కాబోలనుకున్నా. ఇంటింటికీ పెట్టె ఇచ్చింది నేనే కాబట్టి, తిరిగి తీసుకెళ్ళేదాకా ఎవరూ నోరు మెదపొద్దని అందరికీ గట్టిగా చెప్పాను. పాపం, మీ ఉద్యోగం కోసమని, బిడ్డలు ఏడ్చినా సైగలతోనే ఊరుకోబెట్టారు."