జెండాకిచ్చిన కర్ర

తెలంగాణ ఉద్యమ జులూసు తొక్కిసలాటలో కొడుకు పోయాక, జనగామ కిరాణా సేటుకు మిగిలింది వాడు పెంచిన మగకుక్క ఒక్కటే. దాని పిల్లనైనా సాకుదామని, బంద్ నాడు ఎదకొచ్చిన ఆడకుక్కను ఘనపూర్ రైతుతో తెప్పించాడు.

“గిదేంది సేటూ? పిల్లను సూడమంటే పెండ్లికొడుకు నీ మొఖమే సూస్తున్నడు!”

“మొదటిసారి గదన్నా.”

“గాదు, బెదురుతున్నది. ఎప్పుడన్న కొట్టినవా?”

“ఆడకుక్కల ఎంట పోతే దుకాణం ఎవరు కాస్తరని, పోయినప్పుడల్లా కర్రతోని కొట్టిన.”

“గా కర్ర దాని ముంగట్నే పారెయ్యి. భయం పోతది.”

“కర్ర లేదన్నా. జెండాకు కావాలంటే కొడుక్కు నేనే ఇచ్చిన. గదే పట్టుకొని పోయిండు.”

రైతు ఆడకుక్క తాడు వదిలాడు.

“పో బిడ్డా, ఇగ కొట్ట,” అన్నాడు సేటు మగకుక్కతో. కుక్క వచ్చి అతని కాళ్ల మీద తల పెట్టి పడుకుంది.

సాయంత్రం ఆడకుక్క వచ్చినట్టే వెళ్లిపోయింది. సేటుకు మళ్లీ మగకుక్క ఒక్కటే మిగిలింది.