తడిమితే దొరకని అంకెలు

సభకు పెద్దగా కూర్చున్న మా సూపరింటెండెంటు డాక్టర్ రామకృష్ణయ్య గారికి, ఆయన పక్కనున్న పెద్దలకు, నర్సమ్మలకు, వార్డుల్లో పని మరొకరికి అప్పజెప్పి వచ్చిన అన్నలకు, అక్కలకు, గుమ్మఘట్ట వైపు నుంచి బస్సెక్కి వచ్చిన మా ఊరివాళ్లకు, ఈ ఆసుపత్రి టెలిఫోను ఆపరేటరు బయమ్మ చేతులు జోడించి నమస్కరిస్తోంది. మైకు ఎంత దూరంలో ఉందో తెలియక ముందు దానికి నుదురు తగిలించాను. ఆ మోత మీ అందరి చెవుల్లో పడినట్టుంది, క్షమించండి. (నవ్వులు)

ఇందాక డాక్టరు గారు నా గొంతు వింటే రోగికి సగం నయమయ్యేదని అన్నారు. అయ్యా, ఆ మిగతా సగం కోసం నేను మీ గదికి లైను కలిపితే అక్కడ గంట మోగుతూనే ఉండేది, ఎత్తేవాళ్లు ఉండేవాళ్లు కాదు. (నవ్వులు, చప్పట్లు) ఈ మాట ఉద్యోగంలో ఉండగా అనలేకపోయాను, ఈ రోజుతో రిటైరవుతున్నాను, ఆ భయం తీరింది.

చిన్నప్పుడు నాకు తట్టు పోసింది. ఆ జ్వరంలో చూపు పోయింది. మా నాయన నన్ను ఇంట్లో మూలన కూర్చోబెట్టకుండా హైదరాబాదు తీసుకుపోయి చూపులేనివాళ్ల బడిలో చేర్చాడు, అక్కడే టెలిఫోను బోర్డు పని నేర్చుకున్నాను. ఈ ఊరికి వచ్చిన మొదటి రోజున ఆ బోర్డు ముందు కూర్చుని, ఏ మీట ఎక్కడుందో వేళ్లతో తడుముకుని, ఇక్కడ నాకు చోటు ఉంది అనుకున్నాను. మీటకు ఒక గుణం ఉంది. అది నిన్న ఉన్నచోటే నేడూ ఉంటుంది. మీ జేబుల్లో బటన్ల ఫోన్లు ఉన్నవాళ్లు ఒకసారి తీసి, ఐదు మీద వేలు పెట్టి చూడండి. చిన్న గుబ్బ తగిలిందా? చూపున్నవాళ్లలో చాలామంది దాన్ని గమనించనే గమనించరు. ఊరికి పొలిమేర రాయి ఎట్లాగో మాకు అది అట్లా. అది దొరికితే పైన రెండు, కింద ఎనిమిది, పక్కన నాలుగు, ఆరు, అన్నీ దొరికినట్టే. సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు మా బడి స్నేహితులందరం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. మొదటిసారిగా ఎవరి సాయమూ అడగకుండా, ఎవరి చేయీ పట్టుకోకుండా, మాకు కావలసిన మనిషిని మేమే పిలుచుకోగలిగాము.

నాకు చూపు లేదని తెలిసీ, ఎవరూ బలవంతపెట్టకుండానే నన్ను చేసుకున్న మనిషి మా ఆయన. గుమ్మఘట్ట దగ్గర మెట్టచేను, కొన్ని గొర్రెలు, అంతే ఆయన సంసారం. ఉదయం నన్ను బస్సెక్కించి, సాయంత్రం బస్సు దగ్గర నిలబడి ఉండేవాడు. నేను దిగగానే "ఈ పొద్దు ఎంతమందిని బతికించినావు మే?" అని అడిగేవాడు. లైను కలపడమే బతికించడమని ఆయన లెక్క.

మాకు పిల్లలు లేరు. మా అన్న, వదిన కరువుకు బెంగుళూరుకు వలస పోతూ వాళ్ల కొడుకు ఓబుళేసును మా ఇంట్లో వదిలారు. వాడు మా దగ్గరే పెరిగాడు. చదువయ్యాక, మా ఆయన తన గొర్రెలు అమ్మి వాడికి రాయదుర్గంలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టించాడు. అంగడి తెరిచిన రోజున బల్ల మీద వరసగా పేర్చిన ఫోన్లన్నీ నా చేత తాకించి, ఒక్కొక్కదాని పేరూ చెప్పాడు. ఆ రోజు నాకు కలిగిన గర్వం, ఈ శాలువా కప్పినప్పుడు కూడా కలగలేదు, ఏమీ అనుకోవద్దు.

ఈ ఏడాది ఎండాకాలంలో వాడు కొత్త ఫోను ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అరచేతి అంత అద్దం. నున్నగా, చల్లగా ఉంది.

"బటన్లు యాడుండాయిరా?" అన్నాను.

"బటన్లు ల్యావు అత్తా, అదే దీని గొప్ప. టచ్ ఫోను. ఇప్పుడు బెంగుళూరులో అందరూ ఇదే వాడతాండారు. మా అత్త చేతిలో ఇంగా ఆ డబ్బా ఫోనుంటే నాకు నామోషీ."

"అద్దం మీద నాకేం తెలుస్తాదిరా?"

"అలవాటైతాది అత్తా. నేను నేర్పిస్తా కదా."

నా పాత ఫోనులోని సిమ్ము అప్పటికే అందులోకి మార్చేశాడు. పాతదాన్ని అంగడిలో విప్పి దాని భాగాలు వేరే ఫోన్లకు వాడేశాడు. వాడి గొంతులో ఆ సంతోషం విని సరేనన్నాను. వాడు మాటకు కట్టుబడే మనిషి, ఓపిగ్గా నేర్పించాడు. ఫోను ఎత్తడానికి ఎక్కడ ఒత్తాలో తెలిసేలా, నా బొట్టుబిళ్ల ఒకటి తీసి అద్దం మీద అంటించాడు. వచ్చిన ఫోను ఎత్తడం వచ్చింది. చేయడం మాత్రం రాలేదు. ఎందుకంటే అద్దం మీద ఏదీ ఒకచోట నిలబడదు. ఇప్పుడు అంకెలున్న చోట మరుక్షణం ఇంకేదో ఉంటుంది. చూపున్నవాడికి అది వింత, లేనివాడికి రోజూ గోడలు మారే ఇల్లు.

నీళ్లు తాగుతాను. సిస్టరు లలితమ్మా, గ్లాసు ఇటు ఇవ్వు తల్లీ.

ఈసారి వాన ఎట్లా మొహం చాటేసిందో మీకు తెలుసు. శ్రావణంలో ఊడలు దిగాల్సిన వేరుశనగ పైరు ఎండకు ముడుచుకుపోయింది. మా ఆయన చేనుకాడ గుడిసెలోనే ఉంటూ, బోరులో వచ్చే కాసిన్ని నీళ్లను సాలుసాలుకూ మళ్లించేవాడు. ఒక ఆదివారం, నాకు సెలవు కాబట్టి, నేనూ అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం ఆయన చేనిలోంచి వచ్చి గుడిసె బయట మంచం మీద కూర్చున్నాడు.

"మే, ఎదురొమ్ము మీద బండ పెట్టినట్టుండాది" అన్నాడు.

"ఎండలో తిరిగినావు, మజ్జిగ తాగు" అన్నాను.

తాగింది తాగినట్టే కక్కేశాడు. దగ్గరికి పోయి పట్టుకుంటే ఒళ్లంతా చల్లటి చెమట. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. ఇన్నేళ్లుగా ఆ బోర్డు ముందు కూర్చుని నేను విన్న మాటలే అవి. భయంతో వణికే గొంతులు చెబుతుంటే విని, "కంగారు పడొద్దమ్మా, కలుపుతున్నా" అని ఎందరికో లైను కలిపాను. ఈసారి ఆ మాటలు మా మంచం మీద నుంచి వచ్చాయి.

మా ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే, దాన్ని ముందు ఆయనే తీసుకున్నాడు. "ఎండకు అద్దం నల్లగా ఉండాది మే, ఏమీ కనపడల్యా" అన్నాడు. చేతిని అడ్డం పెట్టుకుని ఒత్తాడు. గొడ్డలీ పారా పట్టి బండబారిన వేళ్లు అవి, ఒక అంకె ఒత్తితే ఇంకోటి పడింది. చెరిపి మళ్లీ ఒత్తాడు, మళ్లీ తప్పు పడింది. మూడోసారి చెయ్యి లేవలేదు. "నువ్వు చెయ్యి" అని నాకిచ్చాడు.

నేను అద్దాన్ని తడిమాను. బొట్టుబిళ్ల దొరికింది. దాని మీద ఒత్తాను. పాట మొదలైంది. అది చైనా ఫోను, వాటి గొంతు ఎంత పెద్దదో మీకు తెలుసు. పెళ్లిలో వేసే హుషారు పాట. ఎక్కడ ఒత్తితే ఆగుతుందో తెలియదు, ఎక్కడ ఒత్తినా ఇంకోచోటికి పోతోంది, పాట మాత్రం ఆగదు. ఆసుపత్రి నంబరు నాకు నా పేరులా తెలుసు, అంబులెన్సు నంబరు చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలిసిన అంకెలు నా తలలో ఉన్నాయి, వాటిని పెట్టడానికి చోటే నా చేతికి దొరకలేదు.

ఆయన్ని పడుకోబెట్టి, కంపచెట్ల కంచె పట్టుకుని రోడ్డు వైపు పరుగెత్తాను. రెండు అరచేతులూ ముళ్లకు చీలిపోయాయి. కొంగులో ముడేసిన ఫోను పాడుతూనే ఉంది. అరిచాను. ఎదురుగా గొర్రెల అలికిడి వినిపించింది, తర్వాత మా ఊరి రామక్క గొంతు, నవ్వుతూ.

"ఏమక్కా, పాటలు పెట్టుకోని యాడికి పోతాండావు?"

ఆమెను తప్పు పట్టడానికి లేదు. పాట విని వచ్చింది, పాటకు తగ్గట్టే పలకరించింది. నా మొహం చూశాక నవ్వు ఆపేసి, మెడలో తాడుకు వేలాడే బటన్ల ఫోను తీసి నా చేతిలో పెట్టింది. ఐదు మీద గుబ్బ దొరికింది. ముందు అంబులెన్సుకు చేశాను, తర్వాత మన ఆసుపత్రికి చేశాను. ఆదివారాలు నా సీట్లో కూర్చునే యేసన్న ఎత్తాడు. యేసన్నా, ఈ సభలోనే ఉన్నావు, ఆ రోజు నువ్వు నా గొంతు పోల్చుకోలేకపోయావు.

"పేషెంటు పేరు చెప్పమ్మా" అన్నావు.

పెళ్లయిన నాటి నుంచి మొగుడి పేరు నా నోటితో పలికి ఎరుగను. మాలో పలకరు. ఆ రోజు రోడ్డు మీద నిలబడి మొదటిసారి పలికాను.

"సుంకన్న."

"ఏ సుంకన్న, అమ్మా?"

"నా సుంకన్న, యేసన్నా. నేను బయమ్మను."

రామక్క నన్ను గుడిసెకు నడిపించుకుపోయేసరికి ఆయన మంచం మీద నుంచి నేలకు జారి ఉన్నాడు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. బండి వచ్చింది, పాపం వాళ్లు దారిలో ఎక్కడా ఆగకుండానే వచ్చారు. ఇక్కడికి తీసుకొచ్చాక డాక్టరు గారిని అడిగాను, "ఇంకాస్త ముందు తెచ్చివుంటే బతికేవాడా?" అని. ఆయన జవాబు చెప్పకుండా నా చీలిన అరచేతులకు మందు రాశారు. డాక్టర్లు ఎప్పుడు ఎందుకు మాట్లాడరో, ఇన్నేళ్లు వాళ్ల ఫోన్లు కలిపినదానికి తెలియదా?

ఓబుళేసే మట్టి ఇచ్చాడు. దినాల రోజు మా అన్న బంధువులందరి ముందూ కొడుకును పట్టుకుని "నీ ఫోనే సంపింది రా మీ మామను" అన్నాడు. వాడు లేచి బయటికి పోయాడు. నేను వాణ్ని ఆపలేదు, ఎందుకంటే నా కడుపులోనూ ఆ మాటే ఉంది. ఆ రోజు వెళ్లినవాడు మళ్లీ ఇంట్లోకి రాలేదు. బియ్యమో, కూరగాయలో గడప దగ్గర పెట్టి, పలకరించకుండా పోతాడు. చెప్పుల అలికిడిని బట్టి వాడేనని నాకు తెలుస్తుంది. నేను లోపల ఊపిరి బిగబట్టి కూర్చుంటాను, వాడు బయట కాసేపు నిలబడి వెళ్లిపోతాడు. ఇన్నాళ్లుగా మా ఇద్దరి సంసారం ఇది.

ఈ సభలో నాకు ఏం కానుక ఇవ్వాలా అని ఆసుపత్రిలోని మా వాళ్లు చాలా మల్లగుల్లాలు పడ్డారట. ఎవరో ఫోను అన్నారట, వెంటనే నాలుక కరుచుకున్నారట. చివరికి చీర తెచ్చారు. రంగు చాలా బాగుందని అందరూ చెబుతున్నారు, నమ్ముతున్నాను. (చిన్నగా నవ్వులు) మీరు నా ముందు ఫోను మాట ఎత్తడానికి భయపడుతున్నారు. భయపడొద్దు. అద్దం ఫోన్లు వస్తాయి, అందరి చేతుల్లోకీ వస్తాయి, ఈ కరువు సీమలోకి వాన రాకపోయినా అవి వస్తాయి. ఎవరో తెలివైనవాళ్లు రేపు ఆ అద్దం చేత మాట్లాడించి నాలాంటివాళ్లకు దారి చూపిస్తారేమో కూడా. నాకు తెలియదు. ఈ శ్రావణానికి మాత్రం అది రాలేదు.

ఇందాక దండ వేస్తూ లలితమ్మ నా చెవిలో ఒక మాట చెప్పింది. అందుకే మీ అందరి అనుమతితో కాసేపు ఒక్కడితో మాట్లాడతాను.

ఓబుళేసూ. తలుపుకాడ నిలబడుకోని ఉండావంట. పోవద్దు, ఇను. నీ తప్పు ల్యాదని ఒక్క మాట చెప్పమని అందరూ నాకు చెప్తాండారు. నేను చెప్పనురా. ఆ పొద్దు నా చేతిలో పాత ఫోనుంటే మీ మామ బతికేవాడేమో. అది అబద్ధమని నేనంటే నువ్వూ నమ్మవు, నేనూ నమ్మను. నువ్వు నా మీద ప్రేమతోనే తెచ్చినావు, అదీ నిజమే. ఈ రెండు నిజాలూ మన ఇంట్లోనే ఉంటాయి, యాడికీ పోవు. వాటితోనే బతకల్ల మనం. కానీ నువ్వొక్కడివే యాడనో, నేనొక్కదాన్నే యాడనో ఉండి బతికేది నా వల్ల కాదు. నీ అంగడికి ముసిలోళ్లు, చూపులేనోళ్లు వస్తే, వాళ్లు ఒత్తి చూసుకున్యాకనే అమ్ము. నాకు నువ్వు చెయ్యాల్సింది అంతే. గడపకాడ బియ్యం పెట్టొద్దు. లోపలికొచ్చి పెట్టు. పెట్టి, తిని పో. నాకు మొగుడు పోయినాడు. అల్లుడు గూడా పోవల్లనా?

(సభ వెనక నుంచి ఒక గొంతు: "అత్తా... ఈడే ఉండా.")

ఉండు. ఆడనే ఉండు. ఇదో, అయిపోయింది.

పెద్దలారా, ఇంటి సంగతి సభలో పెట్టాను, మన్నించండి. వాడు ఇంట్లోకి రాడు, ఇక్కడికైతే వచ్చాడు, ఇక నాకు వేరే చోటు లేకపోయింది. ఒక చూపులేని పిల్లను నమ్మి ఈ ఆసుపత్రి గొంతును నాకు అప్పజెప్పినందుకు, ఇన్నేళ్లు నన్ను పేరు పెట్టి పిలిచినందుకు, మా ఆయన్ని చివరిసారి మోసినందుకు మీ అందరికీ నా కృతజ్ఞతలు. రేపటి నుంచి మీరు ఫోను ఎత్తితే వేరే గొంతు పలుకుతుంది, దాన్ని కూడా ఆదరించండి.

అల్లుడా, ఈ వేదికకు మెట్లు ఏ పక్క ఉండాయో నాకు తెలీదు. పైకొచ్చి చెయ్యి పట్టుకో, ఇంటికి పోదాం.

సెలవు.