‘సరే’ అనని ఒక్క పంక్తి

1989 జూలై 3వ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు మన రేడియో ఖగోళ పరిశోధనాలయపు కాల విభాగంలో సాంకేతిక సహాయకురాలిగా చేరవలసిన వారు, ఎనిమిదింపావుకే వచ్చి, తాళం తీయని గది ముందు నిలబడి ఉన్నారట. ఎక్కడ ఆలస్యమవుతుందోనన్న బెంగ! ముప్పై ఆరేళ్ల అనంతరం, అదే విభాగానికి అధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఈ వేళకు కూడా ఆ బెంగ వారిని విడిచిపెట్టలేదు. మనమందరం ‘గడియారం మేడమ్’ అని ప్రేమగా పిలుచుకునే ఆ మాన్యురాలిని అభినందించడమంటే, నిజానికి ఆ బెంగను అభినందించడమే.

వారికి అప్పగించిన పని వినడానికి చిన్నది. ఆయువు తీరిన కొన్ని నక్షత్రాలు గిరగిరా తిరుగుతూ, క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపుతుంటాయి. వాటినే పల్సార్లు అంటాము. ఆ స్పందనలు రావలసిన క్షణం కన్నా రవంత ముందో వెనకో వస్తే, దారిలో ఏదో గురుత్వ తరంగం రోదసిని సాగదీసిందేమో అని మన శాస్త్రజ్ఞులు ఆశపడతారు. కానీ మన గడియారమే తప్పితే? ఆకాశంలోని పల్సార్లన్నీ కట్టగట్టుకుని దారి తప్పినట్టు కనిపిస్తాయి. ఆ గడియారాన్నీ, దాని నుండి ఆ స్పందనలను నమోదు చేసే స్వీకరణ గదికి వెళ్లే తీగలనూ కంటికి రెప్పలా కాపాడి, ప్రతి మార్పునూ స్వహస్తాలతో దినచర్య పుస్తకంలో రాయడం వారి విధి.

1998లో మన పరిశోధన పత్రం ఒకదానిలో ఒక తేదీ తప్పు పడింది. అది ఎవరి పొరపాటో తేలలేదు గానీ, తమదేనని వారు గట్టిగా నమ్మారు. ఆనాటి నుండి వారు నెలకొల్పిన ఆచారమే మన ‘పఠనం’. ఏ ఫలితమైనా గడప దాటే ముందు, దినచర్య పుస్తకాలను వాటిని రాయని వ్యక్తి పంక్తి పంక్తీ బిగ్గరగా చదవాలి. రాసినవారు కళ్లు మూసుకుని విని, ప్రతి పంక్తికీ ‘సరే’ అనాలి. ఇదంతా చాదస్తమని నవ్వుకున్న వారిలో ఈ వ్యాసకర్త ప్రథముడు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్?” అని ఒకసారి అననే అన్నాడు.

“దురదున్న వాళ్లం గోక్కుంటాం లెండి సార్, మీరు మీ పని చూసుకోండి” అన్నారు వారు.

చిత్రలేఖనోపాధ్యాయులైన వారి భర్తగారి ఫిర్యాదు వేరు: “తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుందండీ. నాలుగోసారి నన్ను లాగమంటుంది.”

2004లో విభాగ బాధ్యతలు స్వీకరించిన వారికి అసలు పరీక్ష నిరుడు నవంబరులో వచ్చింది. పద్దెనిమిదేళ్ల పరిశీలనల ఆధారంగా, గురుత్వ తరంగాల జాడ కనుగొన్నామని ప్రకటించే పత్రం సిద్ధమైంది. శుక్రవారం శాస్త్ర పత్రికకు పంపాలి. ఇద్దరు యువ పరిశోధకుల ఉద్యోగ నియామకాలు దానిపైనే ఆధారపడి ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఒకరైన అమ్మాయే గురువారం ఉదయం పఠనానికి కూర్చుంది.

పదకొండు గంటల వేళ 2011 ఆగస్టు పుట వచ్చింది. “‘స్వీకరణ గదికి కొత్త తీగ వేశాం. పొడవు సరిచూడాలి’” అని చదివి ఆగింది. ‘సరే’ వినబడలేదు. తలెత్తి చూస్తే మేడమ్ గారి ముఖాన నెత్తురుచుక్క లేదు. 2011లో ఆ తీగ వేసిన మరుసటి రోజే కూతురికి తీవ్ర జ్వరం రావడంతో వారం సెలవు పెట్టారు. తిరిగి వచ్చాక ఆ మాటే మరిచారు. తీగ పొడవు పెరిగితే గడియారపు సంకేతం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని పదమూడేళ్లుగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

“‘సరే’ అనేద్దామనే అనుకున్నాను సార్” అని వారు తరువాత ఒప్పుకున్నారు. “ఎనిమిది నెలల్లో వెళ్లిపోతున్నాను, ఎవరికి తెలుస్తుంది? నోటి చివరిదాకా వచ్చింది.”

ఆ క్షణాన మాత్రం, “ఆగమ్మా. ఈ పంక్తికి నేను సరే అనలేను” అన్నారు.

పత్రం పంపే బాధ్యత తనదైన ఈ వ్యాసకర్త మండిపడ్డాడు. “ఎప్పటి తీగకో ఇప్పుడా మేడమ్? రేపు పంపాలి!”

“రేపు పంపి, ఎల్లుండి వెనక్కి తీసుకుంటారా సార్?” అన్నారు వారు.

లేబులుతో సహా పాత తీగ చుట్ట సామాన్ల గదిలోనే ఉంది. నడవా పొడవునా పరిచి, మోకాళ్ల మీద కూర్చుని టేపుతో కొలిచారు, ఆపై కొత్త తీగనూ దాని దారి వెంటే కొలిచారు. అంకెలు ఆ అమ్మాయే చదివింది. కొత్తది పన్నెండు మీటర్లు ఎక్కువ. సెకనును కోటి ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్కలో సగానికి పైగా ఆలస్యం. తరువాతి మూడు వారాలూ లెక్కలన్నీ మళ్లీ కడుతుండగా, వారు కాలుగాలిన పిల్లిలా గది నుండి గదికి తిరిగారు. భర్తగారు మధ్యాహ్నం భోజనం డబ్బా తెచ్చి, తినేదాకా కదిలేవారు కారు.

చివరకు తేలినదేమిటంటే, మనం చూసిన జాడలో సగం ఆ తీగదే. మిగిలిన సగం చెక్కుచెదరలేదు. కాని ‘కనుగొన్నాం’ అనడానికి అది చాలదు. మరో పదేళ్ల పరిశీలన కావాలి. నియామకాలు ఏడాది వెనక్కి వెళ్లాయి. క్షమించమని వారే ఆ ఇద్దరి వద్దకూ వెళ్లారు.

“మీరు సరే అనుంటే, ఎప్పుడో ఇంకెవరో వచ్చి అది తప్పని నా మొహానే చెప్పేవాళ్లు మేడమ్” అంది ఆ అమ్మాయి. మేడమ్ గారు అప్పుడు ఏడ్చారు. ఈ వ్యాసకర్తకు కూడా తల ఎత్తుకోవడం కష్టమైంది.

మొన్న బీరువాల తాళాలు అప్పగిస్తూ వారు అడిగారు: “పదేళ్లకి మళ్లీ పఠనం పెడతారు కదా. మూడు బీరువాలు నా చేతిరాతే. నేను లేకపోతే సరే ఎవరంటారు సార్?”

ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ చెబుతున్నాము. మీరే అనాలి మేడమ్. రక్తపోటు మాత్రలు వేళకు వేసుకోండి. తాళం నాలుగోసారి లాగే పని భర్తగారికే వదిలేయండి. పదేళ్లు ఆరోగ్యంగా, ఆపై మరో పాతికేళ్లు నిశ్చింతగా మీరిరువురూ వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. పఠనం గదిలో మీ కుర్చీని ఎవరికీ ఇవ్వడం లేదు.