కమాండరు గారి ఖాళీ జేబులు

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం, సైన్యంలో పదిహేనేళ్లు సేవ చేసి విరమించిన ఒక నిటారైన మనిషి మన బ్యాంకు శాఖలో గుమాస్తాగా చేరి, మేనేజరు గారికి నమస్కారానికి బదులు సెల్యూట్ చేశారు. మేనేజరు గారు కంగారుపడి లేచి నిలబడ్డారు. నాటి నుంచి వారు మనందరికీ కమాండరు గారే. సైన్యంలో తమది అంత హోదా కాదని వారెంత మొత్తుకున్నా వినిపించుకున్న నాథుడు లేడు.

అనతికాలంలోనే ప్రధాన ఖజానాదారు బాధ్యతలు స్వీకరించి, కార్యదక్షతకూ సమయపాలనకూ మారుపేరుగా నిలిచారు. కొత్తగా చేరిన కుర్రాళ్లను వారు హడలగొట్టిన మాట వాస్తవమే. "జేబుల్లోంచి చేతులు తియ్యవయ్యా, షికారుకొచ్చావా?" అన్న గొంతు వినని ఉద్యోగి ఈ శాఖలో లేడు. ఆ గొంతుకు జడిసి పని నేర్చుకున్నవారే నేడు పెద్ద పదవుల్లో ఉన్నారు.

చేరిన మరుసటి ఏడు, భర్తను పోగొట్టుకుని కూతురితో ఒంటరిగా ఉంటున్న ఒక నర్సును వివాహమాడారు. ఆ పాప చాలాకాలం వారిని ఏ వరుసా పెట్టి పిలవలేదు. ఒకనాడు వారు కౌంటరు వెనుక నుంచే కేకేశారు: "మా పిల్ల నన్ను నాన్నా అందండోయ్!" ఖాతాదారులు సైతం చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల చదువు చెడకూడదని, బదిలీతో వచ్చిన పదోన్నతులను వారు మారుమాట లేకుండా వదులుకున్నారు.

వారి పదవీ విరమణ సన్మానం కోసం ఇంతవరకు రాసి, ఆయురారోగ్యాలు కోరి ముగించేవాణ్ణి. కాని గత వారం వారే నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"నన్ను మంచి తండ్రి అని రాస్తున్నావటగా. కొట్టెయ్. తాళంచెవి సంగతి రాయి."

"సన్మాన సంచికలో అవేం రాతలండీ బాబూ! నన్ను చంపుతారు."

"యుద్ధమే నన్ను చంపలేదు, వీళ్లు నిన్నేం చంపుతారు? రాయి. స్టేజీ మీద అమ్మాయి నా పక్కన కూర్చోవాలని ఉంది నాకు. ఆ రోజు నీ ముందూ మేనేజరు గారి ముందూ దాని పరువు తీశాను. అది ఒప్పుకోకుండా ఏ మొహం పెట్టుకుని రమ్మనను?"

కనుక రాస్తున్నాను. మన ఖజానా గది తెరవడానికి రెండు తాళంచెవులు కావాలి. ఒకటి మేనేజరు గారిది, రెండవది కమాండరు గారిది. సైన్యంలో మెడలో గుర్తింపు బిళ్ల ధరించిన అలవాటుకొద్దీ, వారు తమ తాళంచెవిని తాడుకు గుచ్చి చొక్కా లోపల వేసుకునేవారు. ఒక చలికాలపు ఉదయం గుండెల మీద తడుముకుంటే అది లేదు. బయట జనం వరుస కట్టారు. మేనేజరు గారూ నేనూ వారి వెంట వారి ఇంటికి పరుగెత్తాము.

అమ్మాయి అప్పుడే బడికి బయలుదేరుతోంది. ముందు రోజు ఆ తాళంచెవిని ఒక్కసారి పట్టుకుని చూస్తానని అడిగిందట. అంతే, ఆమే తీసిందనుకుని వారికి మతి పోయింది. "సంచి ఇటివ్వు" అన్నారు. సైనికుల బ్యారక్‌లో తనిఖీ చేసినట్టు ఒక్కొక్క వస్తువూ తీసి మంచం మీద వరుసగా పేర్చారు. పుస్తకాలు, దువ్వెన, ఆ పైన వయసొస్తున్న ఆడపిల్ల ఎవరి కంటా పడకుండా దాచుకునే చిన్న చిన్న వస్తువులు. మేనేజరు గారూ నేనూ గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాము. వద్దండీ అని ఒక్క మాట అనడానికి మాకు నోరు రాలేదు.

సంచి ఖాళీ అయ్యాక ఆ పిల్ల మెల్లగా అంది: "మీ మెడ వెనక చూసుకోండి."

తాడు తిరిగిపోయి, తాళంచెవి స్వెట్టరు కింద వీపున వేలాడుతోంది.

ఆ సాయంత్రం వారు ఇంటికి వెళ్లి, కూతురి ఎదుట నిలబడి, తమ జేబులన్నీ తిరగేసి బల్ల మీద ఖాళీ చేశారు. మర్నాడూ అంతే. చిల్లర, బస్సు టికెట్లు, చేతిరుమాలు. ఇన్నేళ్లుగా, ఆమె ఎదుట ఉన్న ప్రతి సాయంత్రమూ అదే. నాన్నా అన్న పిలుపు మళ్లీ రావడానికి చాలాకాలం పట్టింది.

ఇది అచ్చుకు ఇచ్చే ముందు, ఇప్పుడు తన సంసారం తాను చూసుకుంటున్న ఆ అమ్మాయికి చూపించాను. చదివి, కాగితాలు మడిచి నా చేతికిచ్చింది.

"బాబాయ్, ఆ తాడు నేనెప్పుడు చూశాననుకున్నారు మీరంతా?"

"అన్నీ పరిచేశాక కదమ్మా?"

"కాదు. మీరు గుమ్మంలోకి రాగానే చూశాను. కాలరు సందులో గొంతుకి బిగుసుకుని ఉంది. సంచి ఇవ్వమనేసరికి ఒళ్లు మండింది. కానివ్వు, చివరిదాకా కానివ్వు, మీ ఇద్దరి ముందూ ఆయన తల దించుకోవాలి అనుకున్నాను. కావాలనే చెప్పలేదు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "సాయంత్రం ఆయన జేబులు తిరగేస్తుంటే నా ప్రాణం పోయింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఇంతకాలం గడిచిపోయింది. ఆయన జేబులు తీసినప్పుడల్లా నేను మొహం తిప్పుకుంటాను. ఇంకా కోపమనుకుంటారు పాపం. కోపం కాదు బాబాయ్, సిగ్గు. ఇది కూడా వేయండి. ఇది విన్నాక పక్కన కూర్చోమంటారో లేదో, ఆయన ఇష్టం."

కమాండరు గారూ, మీరు అడిగినట్టే రాశాను. ఆమె అడిగినదీ రాశాను. దీన్ని ముందుగా మీకు చూపించనందుకు మన్నించండి. మేము ముందే అనుకున్న ప్రకారం, సభలో నేను ఇది చదువుతున్న ఈ క్షణాన మీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది, మీ అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి ఉంది. మీరు పిలవనిదే పైకి రానంటోంది. పిలవండి.

ఆ పైన నిండు ఆరోగ్యంతో, సహధర్మచారిణితో, కూతురి కుటుంబంతో మీరు చిరకాలం వర్ధిల్లాలి. ఇకమీదట ఆ జేబులు ఎవరి ముందూ ఖాళీ చేయకుండా, వాటిలో హాయిగా చేతులు పెట్టుకుని, షికారుకు వచ్చినవారిలా చాలా ఏళ్లు నడవాలని మా అందరి ఆకాంక్ష.