గోడ దాటి వినిపించిన నవ్వు

ఈత క్లబ్బు గేటు ముందు బండి ఆపుకుని ఎదురుచూస్తున్న అతనికి, గోడ అవతలి నుంచి భార్య నవ్వు వినిపించింది. పెళ్లయ్యాక ఆమె అంత గట్టిగా నవ్వడం అతను ఎన్నడూ వినలేదు. తడి జుట్టుతో ఆమె బయటికి రాగానే అడిగేశాడు.

“ఎవరితోటే ఆ నవ్వులు?”

“కోచ్ గవర్రాజు గారితోటి మావా. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఆగకుండా ఈదేసినాను. నమ్మలేక నాకే నవ్వొచ్చేసింది.”

“ఆడు సెయ్యట్టుకుని నేర్పినాడేటి?”

“మొదట్లో పట్టుకున్నారు. ఇప్పుడు ఒగ్గేసినారు. ఆయాసం పోయింది, మోకాళ్ల నొప్పి తగ్గింది. నీకు కనపడ్డం లేదేటి?”

కనబడుతూనే ఉంది. అదే అతనికి గిట్టడం లేదు.

“రేపట్నుంచి మానేయ్. నీ మొగుడు సిన్నప్పట్నుంచీ సముద్రం మీద బతికినోడు. నీకు ఈత పరాయోడు నేర్పాలేటి?”

“పెళ్లైన కొత్తలో నిన్నే అడిగినాను కదా. ఆడదానికి ఈతెందుకే అని మన జాలారిపేటలో అందరి ముందూ ఎగతాళి సేసినావు.”

ఆ మాట అతనికి గుర్తుంది. ఆమెకూ గుర్తుంటుందని అనుకోలేదు.

“ఇప్పుడు నేర్పుతాను. ఆదివారం ఒడ్డుకి రా.”

“ఇప్పుడు నాకొచ్చేసింది మావా,” అంది ఆమె మెత్తగా, వెనక ఎక్కి కూర్చుంటూ. “ఆదివారం క్లబ్బులో పోటీ ఉంది. నువ్వే సూడ్డానికి రా.”

అతను తాళం తిప్పబోయి ఆగాడు.

“ఆ కోచ్ కూడా ఉంటాడేటి?”

“ఉంటారు.”

“అయితే అందరికంటే బేగి వత్తాను,” అని బండి స్టార్ట్ చేశాడు.