టవరుల నీళ్ల సప్పుడు

ఉమాపతి బాబూ, సారు ఇంటి ఆడబిడ్డలూ, నాచారం బస్తీ అన్నలూ, ఉప్పల్ కెళ్లి వచ్చిన అక్కలూ, మా చర్చి అయ్యగారూ, అందరికి దండాలు.

మన ఫ్యాక్టరీ ఓనరు జనార్ధనరావు సారు పోయిన వారం గుండె ఆగి పోయిండు. ఆయనకు గుండె ఉన్నదని నాకు గప్పుడే తెలిసింది.

నవ్వకుండ్రి. సావు కాడ నవ్వొద్దు.

నేను హన్నాను. గీ ఫ్యాక్టరీ క్యాంటీన్ల వంట జేసినదాన్ని. నా పెనిమిటి శాంతయ్య గిక్కడ్నే బాయిలర్ కాడ పని జేసి జేసి, దగ్గి దగ్గి పోయిండు. పొద్దుగాల ఉమాపతి బాబు నన్ను పిలిచి, "హన్నక్కా, మా నాయిన గురించి నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నడు. చెప్త బాబూ. సచ్చినోని కండ్లు చారెడంటరు. నేను మాత్రం ఉన్నంతనే చెప్త, కోపం జేసుకోకు.

సారుకు వానంటే పానం. కీసర దిక్కు మబ్బు పట్టిందంటే చాలు, ఆఫీసు రూములకెళ్లి వరండలకొచ్చి నిలవడుతుండె. మొఖం ఎలిగిపోతుండె. "హన్నా, మిర్చి బజ్జీలెయ్యి, అందరికి పెట్టు" అని కేకేస్తుండె. ఏం సారు దొరికిండు మనకు, ఎంత మంచి మనసు అనుకుంటుంటిమి. గాని బజ్జీల ఆర్డరు ఎనుకనే ఇంకో ఆర్డరు బాయిలర్ కాడికి పోతుండె. "టవరు బంద్ జెయ్యి."

టవరంటే తెల్వనోళ్లకు చెప్త. మన బాయిలర్ల కాలేది పాత టైర్ల నూనె. గా పొగల గంధకం ఉంటది. చిమ్నీలకు ఇడిసే ముందు పొగను టవరుల సున్నం నీళ్లతోని కడగాలె. దాని మోటరుకు కరెంటు దండుగని సారు బాధ. ఎండలున్నప్పుడు బంద్ జేస్తే వాసనకు బస్తీ అంతా గేటు మీదికొస్తది. వానల ఎవనికెరుక? పొగ మబ్బుల కలిసిపోతది. సారు వానను సూస్తున్నడనుకున్నం. వాన సాటుకు దాక్కున్నడు.

మా బిడ్డ జెన్నిఫర్ సైన్సు సదివింది. గా గంధకం పొగ, ఉప్పల్ రింగు రోడ్డు మీది లారీల పొగ, రెండు పైకి పోయి మబ్బుల నీళ్లల్ల కలిసి ఆసిడ్ అయితయట. గదే మన నెత్తి మీద పడ్తదట. నాకు గంత సదువు లేదు. నాకు వంటింటి లెక్కనే తెలుసు. పాలరాతి గట్టు మీద నిమ్మకాయ పిండి, తుడవకుండ ఇడిస్తే ఏమైతది? మచ్చ పడ్తది. తోమితే పోతదా? పోదు. ఎందుకంటే గది మరక గాదు, పులుపు రాయిని తిన్న జాగ. ఏండ్లకేండ్లు మన బస్తీ మీద నిమ్మకాయ పిండిన్రు అక్కల్లారా.

ఏం తినలే గది? ఇండ్ల మీది జింకు రేకులు తిన్నది. మిద్దె మీద నేను పెట్టిన తోటకూర ఆకులు తిన్నది. మన్నుల బలం గుంజింది, కుంటల చాపపిల్లల్ని సంపింది. తీగ మీది బట్టలకు సూది గుచ్చినట్టు బొక్కలు జేసింది. మరి మనమేం జేసినం? తెలివి నేర్చినం! నా బాండీల బజ్జీల నూనె వాసన గోడ దాటిందంటే, బస్తీల ఆడోళ్లు ఉరికురికి బట్టలు తీసుకుంటుండె. బట్టలు తీసిన్రు, పిల్లల్ని మాత్రం వానల ఆడనిచ్చిన్రు.

సారు తెల్వక జేసిండని ఇందాక ఎవరో అన్నరు. తెల్వకనా? మరి ఆయన కారుకు రెండు కవర్లెందుకు? మబ్బు పట్టంగనే ముందుగాల కారు షెడ్డులకు, తర్వాత టవరు బంద్. గా వరస ఎన్నడు తప్పలే. గంత నియమం గల మనిషిని నేను సూడలే.

శాంతయ్య పోయినప్పుడు సారు మా ఇంటికొచ్చిండు. అబద్ధమెందుకు, దండేసిండు, తల వంచుకొని కూసున్నడు. సమాధికి పాలరాతి బండ పంపిచ్చిండు. శాంతయ్య పేరు, దాని కింద "మా నమ్మిన మనిషి" అని చెక్కిపిచ్చిండు. మీగడ లెక్క తెల్లగుండె. మస్తు సంబరపడ్డం. గది సూసి మా చర్చి సంఘపోళ్లు గూడ నల్లరాయి ఒద్దని పాలరాయే పెట్టిచ్చుకున్నరు.

వానలు పడ్డయి. బండలు నల్లవడ్డయి. సమాధుల పండుగొచ్చింది. పండుగకు సమాధి తళతళ మెరవాలె గదా? మనోళ్లు బాత్రూంలు కడిగే ఆసిడ్ సీసాలు తెచ్చి బండల మీద గుమ్మరిచ్చిన్రు. బుసబుస నురుగొచ్చింది. "మురికెట్ల పోతున్నదో సూడు" అని మురిసిన్రు. పోయింది మురికి గాదు, పేర్లు. పై నుంచి సారు చుక్కలు చుక్కలు పోసింది సాలలేదని, మనం సీసాలకు సీసాలు పోసినం. మనసొంటోళ్లు దొరకాలంటే సారు ఎంత పుణ్యం జేసుకోవాలె!

ఇయ్యాల నా పెనిమిటి పేరు కంటికి ఆనుతలేదు. ఏలు పెట్టి తడిమితే మొదటి అచ్చరం ఒక్కటి తగుల్తది. వానలు గిట్లనే పడితే గది గూడ పోతది. ఇంగ ఆసిడ్ పోసుడు బంద్ జేసినం, గాని వానను నేను బంద్ జేయలేను గదా? బతికినప్పుడు ఆయన ఊపిరి తిన్నరు. సచ్చినంక పేరు గూడ తినాల్నా? నేను ఏడుస్తలేను. నాకు కోపమొస్తున్నది.

గేటు కాడ సారుది పాలరాతి విగ్రహం పెట్టిస్తరట. పెట్టియ్యి ఉమాపతి బాబూ. పాలరాయే పెట్టియ్యి, నల్లరాయి ఒద్దు, నల్లరాయిని గీ వాన ఏం జేయలేదు. మొఖం చిమ్నీ దిక్కు తిప్పు. ముందుగాల ముక్కు అరుగుతది. తర్వాత మీసాలు. ఆఖరికి గా మొఖం ఎవరిదో నీ పిల్లలకు గూడ తెల్వది. నాయిన మొఖం కావాల్నో, మోటరు కరెంటు మిగలాల్నో, నువ్వే సూసుకో.

ఇగో, కీసర దిక్కు మబ్బు పట్టింది, అందరు ఒక్కపారి సూడుండ్రి. షామియాన ఎనుక బాండీ పెట్టిన్రు. సారుకిష్టమని సభ అయినంక మిర్చి బజ్జీలు పెడ్తరట. వాసన వస్తనే ఉన్నది. బాయిలర్ గూడ నడుస్తనే ఉన్నది, సావుకు గూడ సెలవియ్యలే. బాబూ, నిన్ను ఒక్కటే అడుగుత. గీ బజ్జీలు మీ నాయిన కోసమా, వాన కోసమా?

మౌనం పాటించాలె అంటున్నరు. మనకు కొత్తనా? ఇన్నేండ్లు నోట్ల బజ్జీ పెట్టుకొని మౌనంగనే ఉంటిమి గదా. ఇయ్యాల మాత్రం ఇనేటందుకు మౌనముందాం. టవరుల నీళ్లు పడ్తుంటే గా సప్పుడు గీడిదాక ఇనొస్తది, పనోళ్లకందరికి ఎరుకే.

లేవుండ్రి. అయ్యగారూ, మీరు గూడ లేవుండ్రి. ఫోన్లు బంద్ జేయుండ్రి. సారును తలుసుకొని చెవులు టవరు గోడ దిక్కు పెట్టుండ్రి. నీళ్ల సప్పుడు ఇనవడేదాక ఎవ్వలు కూసోకుండ్రి.