వరండాలో ప్లగ్గు

అయ్యో, ఆ టేబుల్ ఫ్యాను కూడా విప్పేస్తున్నారేంటండీ తక్ గారూ! ఆఖరి రోజైనా సాయంత్రం దాకా డ్యూటీ ఉందిగా మీకు? ఆగస్టు ఎండలో, ఈ అగ్గిపెట్టె లాంటి కాపలా గదిలో ఉడికిపోరూ? ఉండనివ్వండి. ఎవరొచ్చి అడుగుతారో నేనూ చూస్తాను.

ఏంటీ? ఫ్యాను మీదే గానీ కరెంటు మాదా? అంతే లెండి. నాకు బాగా తగిలేలా అన్నారు. అనండి, ఇంకో రెండు అనండి.

నవ్వకండీ. మీరలా నవ్వుతుంటే నాకు ఒళ్ళంతా ముళ్ళు గుచ్చినట్టుంది. మీరు సర్దుకోండి, నేనీ గుమ్మంలో కూర్చుంటాను. మోకాళ్ళు నిలవనివ్వట్లేదు. ఇదిగో, ఈ డబ్బా మీకే. ముల్లంగి కిమ్చీ, నేను ఊరబెట్టిన పచ్చడే. మీ ఆవిడకి పళ్ళు కదులుతున్నాయన్నారుగా, అందుకని సన్నగా తరిగాను. తర్వాత చూద్దురుగాని, ముందు నా మాట వినండి.

మీకో సంగతి తెలుసా? నిన్న లిఫ్టులో మూడో అంతస్తు చియు వాళ్ళమ్మ నాకు వంగి మరీ దండం పెట్టింది. "మీరు అడగబట్టే కదా పెద్దమ్మా, మన బ్లాకు ఖర్చు తగ్గబోతోంది" అంది. నాకు దండమట! లిఫ్టు నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

నేనే అడిగాను, కాదనను. ఐదో అంతస్తు మల్‌సూన్‌కి నోరెక్కువని ఊరంతా తెలుసు, ఆ నోరు నాదేగా. జూన్‌లో మెయింటెనెన్స్ కాగితం వచ్చింది కదా, దాంట్లో ఉమ్మడి కరెంటు అన్నచోట అంకె చూసి నాకు ఒళ్ళు మండింది. రెండో బ్లాకులోనూ అరవై ఇళ్ళే, మన దాంట్లోనూ అరవై ఇళ్ళే. వాళ్ళకంటే మనకెందుకు ఎక్కువ రావాలి? మెట్ల మీద లైట్లు, లిఫ్టు, నీళ్ళ మోటారు. ఇంకేం ఉన్నాయి చెప్పండి? అడగడం తప్పా?

అడిగి ఊరుకోవచ్చుగా! ఊరుకుంటే నేనెందుకవుతాను? పెద్ద ఎర్ర అక్షరాలతో రాసి లిఫ్టులో అంటించాను. "మన కరెంటు ఎవరు తింటున్నారు?" అని. ఆ కాగితం చిరిగిపోకుండా నాలుగు మూలలా నొక్కి అంటించింది మీరే. గుర్తుందా? టేపు కూడా మీదే.

అప్పుడే ఏదో ఒకటి అనాల్సింది మీరు.

తర్వాత ఇళ్ళవాళ్ళ మీటింగులో నేను మీ పేరెత్తలేదు తక్ గారూ. ఒట్టు. చియు వాళ్ళమ్మే లేచి, "కాపలా గదిలో ఏసీ ఉందిగా" అంది. నిరుడు మీరు పార్సిళ్ళు మోస్తూ కళ్ళు తిరిగి పడిపోతే అందరం చందా వేసుకుని పెట్టించిన ఏసీ అది. ఆ చందాకి ఇంటింటికీ తిరిగింది ఎవరు? నేనే. మరి అదే ఏసీ పీకేద్దామంటే నోరు మూసుకుని కూర్చుంది ఎవరు? అదీ నేనే.

జూలైలో, మంచి ఎండల్లో పీకారు. పోయిన నెల కాగితం వచ్చింది. తగ్గిందా? చిటికెడంత కూడా తగ్గలేదు! అప్పుడైనా ఆగాలా లేదా? ఆగితే మనుషులెందుకవుతారు. "ఏసీ కాదు, అసలు మనిషే దండగ, గేటుకి దానంతటదే తెరుచుకునే మిషను పెడదాం" అన్నారు. పదకొండేళ్ళు మా చెత్త అట్టపెట్టెలు విప్పి మడిచిన మనిషి దండగట.

సరే, అసలు సంగతికి వస్తాను. ఎంత చుట్టు తిరిగినా అక్కడికే రావాలి.

ఆ మిషను సంగతి మీద ఓట్లేసే ముందురోజు పొద్దున మా ఇంట్లో స్విచ్ బోర్డు మాడిపోయిందని ఎలక్ట్రీషియన్ని పిలిచాను. అతను మెయిన్ ఆపేశాడు. ఇల్లంతా నిశ్శబ్దం. రేడియో ఆగింది, ఫ్యాను ఆగింది. గాలి కోసం తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాను.

గుయ్‌మంటోంది.

మా కిమ్చీ ఫ్రిజ్, తక్ గారూ, కిమ్చీ ఒక్కదానికే వాడేది. వరండాలో మా తలుపు పక్కన ఉంటుందే, తెల్లది, రబ్బరు చిరిగి తలుపు సరిగా పడదు, అది. ఇంట్లో కరెంటే లేదు. అది మాత్రం హాయిగా గుయ్‌మంటూ తిరుగుతోంది. వంగి తీగ పట్టుకుని వెనకాలే వెళ్ళాను. గోడ వెంబడి వెళ్ళి, మంటలార్పే గొట్టం పెట్టె కింద, ఊడ్చే మిషను కోసం పెట్టిన ఉమ్మడి ప్లగ్గు ఉంది చూడండి, దాంట్లో ఉంది.

ఏడాదిన్నర క్రితం మా వంటింటి నేల కింద వేణ్ణీళ్ళ గొట్టం పగిలితే నేలంతా తవ్వారు కదా. అప్పుడు ఆ పనివాడు ఫ్రిజ్ బయటికి జరిపి, "రెండు రోజులేనమ్మా, ఇక్కడ గుచ్చుతున్నా" అన్నాడు. సరే అన్నాను. నేల వేశారు. వంటిల్లు విశాలంగా కనిపించింది. ఇక ఆ ఫ్రిజ్ లోపలికి ఎందుకులే అనుకున్నాను. తీగ సంగతి మర్చేపోయాను. నిజంగా మర్చిపోయాను, నమ్మండి. ఎర్ర అక్షరాలు రాసినప్పుడు నాకు తెలీదు.

లిఫ్టు పాతదే, రేట్లు పెరిగినమాట నిజమే. ఒక్క ఫ్రిజ్ వల్లే ఇదంతా అని నేననను. రోజూ మంచం మీద పడుకుని ఇదే చెప్పుకుంటున్నాను. నిద్ర మాత్రం పట్టట్లేదు.

మర్నాడు మీటింగు. కుర్చీలో కూర్చున్నాను. లేచి ఒక్క మాట అంటే అయిపోయేది. "ఆపండి, ఆ దొంగ కరెంటు నాది" అని. నోరెక్కువైన మల్‌సూన్‌కి ఆ రోజు నోరు పెగల్లేదు. అరవై ఇళ్ళవాళ్ళు, ఆ కాగితం రాసింది నేనేనని తెలిసినవాళ్ళు, ఎలా నవ్వుతారో కళ్ళ ముందు కనపడింది. "గేటుకి మిషను కావాలన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు.

ఎత్తాను.

అందరూ ఎత్తారని కాదు. అందరికంటే ముందు ఎత్తాను. ఎత్తకపోతే ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని.

తిట్టండి. మీ చేతిలో ఉన్న ఆ రేడియో కింద పెట్టి నా ముఖాన ఉమ్మండి, పడతాను. ఈ వయసులో మిమ్మల్ని ఎవరు పన్లో పెట్టుకుంటారని నాకు తెలీదా? లిఫ్టు చెడిపోయినప్పుడు ఇరవై కిలోల బియ్యం ఐదో అంతస్తుకి మోసుకొచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా దిగిపోయిన మనిషి మీరు.

ఆ రేడియో... దాని పిడికి చుట్టిన టేపు. బూడిద రంగుది.

కాస్త ఇటివ్వండి.

మా తీగ మీద కూడా ఇదే టేపుంది తక్ గారూ. ఎవరి కాలికీ తగలకుండా గోడకి వరసగా అంటించి ఉంది. ప్లగ్గు మీద వాన జల్లు పడకుండా ప్లాస్టిక్ సీసా సగానికి కోసి కప్పు పెట్టి ఉంది. ఆ పనివాడే చేశాడనుకున్నాను. అతను అంత శ్రద్ధ ఉన్న మనిషైతే నా నేల వంకరగా ఎందుకు వేస్తాడు?

మీకు తెలుసు. మొదట్నించీ తెలుసు. మీ ఏసీ పీకిన రోజూ తెలుసు, నేను చెయ్యెత్తిన రోజూ తెలుసు.

ఎందుకు చెప్పలేదన్నయ్యా? ఒక్క మాట అంటే మీ ఉద్యోగం ఉండేదిగా!

నేనే చెప్తాననుకున్నారా? అలా చూడకండి. అక్కర్లేదు, అలా చూడకండి.

మన మెయింటెనెన్స్ ఆఫీసు ఇక్కడే ఉంది. ఇరవై అడుగులు లేదు. తలుపు తీసే ఉంది, గుమాస్తా కనబడుతూనే ఉన్నాడు. నేను వెళ్తాను. మోకాళ్ళు కాస్త కుదుటపడగానే... మీరు ఐదింటికి కదా వెళ్ళేది? చాలా టైముంది.

ఈ డబ్బా తీసుకుంటారు కదూ? అది కూడా ఆ కరెంటుతో చల్లబడిందేననుకోండి. తీసుకున్నారు. చాలు, నాకది చాలు.

ఇదేంటి? మిగిలిన టేపు చుట్టా? నాకెందుకండీ ఇది?

తుఫాను వానలొస్తాయనా. పాత టేపు ఊడిపోతుందనా.

అంటే ఇవాళ పొద్దున నేను ఆ ప్లగ్గు దాకా వెళ్ళి, చెయ్యి కూడా వేసి, లోపల కిమ్చీ పులిసిపోతుందని తియ్యకుండా వచ్చేశాననీ మీకు తెలుసన్నమాట.